స్నేహితులను అడిగిన బిషప్పు



నీవు ఎన్నడైనను సంఘ పెద్దగానో, ఉపదేశిగానో పని చేసితివా? చేసియుండిన యెడల, పనికంటె ప్రసన్నముగా ఉండుటయే కష్టమని నీకు తెలియును. దుక్కి దున్నిన అలసట రాత్రి నిద్రతో తీరును. నిన్ను తక్కువ చేసినవానిని మరునాడు ప్రేమతో పలుకరించుటవలన కలుగు అలసట అట్లు తీరదు.

దోర్నకల్ బిషప్పు అజరయ్యగారి సంగతి ఆలోచింపుము. ఆయన తెలుగువాడు కాడు. 1874 లో తిరునల్వేలి జిల్లా వెల్లాలన్‌విలై గ్రామములో ఒక పాదిరిగారి ఇంట పుట్టిన తమిళుడు. తిరునల్వేలి క్రైస్తవులు 1903 లో స్థాపించిన మిషనరీ సంఘము పక్షముగా దోర్నకల్ వచ్చి, మన భాష నేర్చుకొనెను.

1910 జూన్‌లో ఎడిన్‌బరో పట్టణమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. వేయిమందికి పైగా ప్రతినిధులలో ఆసియావారు ఇరువదిమందియు లేరు. అజరయ్యగారు లేచి, దొరల త్యాగమును మనసారా కొనియాడెను. పిమ్మట, త్యాగముతోపాటు మాకు మీ స్నేహము కావలెను, స్నేహితులను ఇయ్యుడని అడిగెను. ఆ మాట కొందరు మిషనరీలకు మిక్కిలి నొప్పి కలిగించెను. మెత్తనివాడనగా నోరు మెదపనివాడని మనవారు అనుకొందురు గాని, అది పొరపాటు.

1912 డిసెంబరు 29 న కలకత్తా సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో ఆయన బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. అది కూడదని దొరలలో కొందరు అనిరి. స్వంత తిరునల్వేలి క్రైస్తవులలోను వ్యతిరేకించినవారు ఉండిరి.

ఇక్కడ కొంచెము ఆగుము. అట్టి దొరల జాతివారే తరువాత ఆయన చేతిక్రింద పని చేసిరి. వారిని ఆయన దిద్దవలెను, ఓదార్చవలెను, వారితో కూర్చుండి భుజింపవలెను. ఒక్కసారి కోపపడిన యెడల, భారతీయుడు అధికారమునకు తగడనుటకు చాలును. ఎల్లప్పుడు తగ్గియుండిన యెడల, ఈయన దొరల మనిషి అని స్వజనులే అందురు. మనము కోపపడిన యెడల మన పేరే చెడును. ఆయన కోపపడిన యెడల ఒక దేశపు క్రైస్తవుల పేరు చెడును. మోషే ఎన్ని ఏండ్లు సహించెను! అయినను మెరీబాలో ఒక్కనాటి కోపము ఆయనను వాగ్దానదేశపు ఇవతలనే నిలిపివేసెను. ఆ ఘట్టము చదివినప్పుడెల్ల నాకు మోషేమీద జాలి కలుగును.

అజరయ్యగారు ఊరక కూర్చుండి దీనిని భరింపలేదు. ఎద్దుబండిమీద పల్లె పల్లెకు తిరిగెను. బాప్తిస్మము పొందినవారిచేత తలపై చేయి ఉంచుకొని, సువార్త ప్రకటింతుమని ఒట్టు పలికించెను. 1941 నాటికి ఆ మండలమున క్రైస్తవులు రెండు లక్షలు దాటిరి.

1919 లో ట్రాంక్విబారులో సంఘైక్యతకై కూడుకొనినవారిలో ఆయన ముఖ్యుడు. నాటినుండి ఇరువదియైదు ఏండ్లు, ఒక మిషనువారి అనుమానమును మరియొక మిషనువారి అభిమానమును సహించుచు ఆ పనిలో నిలిచెను. 1945 జనవరి 1 న దోర్నకల్‌లో కన్నుమూసెను. 1947 సెప్టెంబరు 27 న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, దొరలును మనవారును ఒక్క సంఘముగా కలిసి నిలిచిరి. చూచుటకు ఆయన లేడు.