పసుపు కొమ్ములో మందు ఎంత? 200 ఏళ్ల కథ

మన మిడుతూరు పక్క ఎవరన్నా వచ్చి "ఈ పసుపు విత్తనంలో కర్‌క్యుమిన్ ఎక్కువ, క్యాన్సర్ మందుల కంపెనీలు ఎగబడి కొంటాయి" అంటే, డబ్బు తీసే ముందు ఈ చరిత్ర చదవండి.

పసుపుకు ఆ రంగునిచ్చేదే కర్‌క్యుమిన్. 1815లో వోగెల్, పెల్టియే అనే ఇద్దరు దాన్ని కొమ్ము నుంచి వేరు చేశారు. దాని నిర్మాణం తేల్చేసరికి 1910 వచ్చింది. 1973లో లక్నోలోని సీడీఆర్‌ఐ శాస్త్రవేత్తలు శ్రీమల్, ధావన్ అది జంతువుల్లో వాపు తగ్గిస్తుందని చూపించారు. ఇక ప్రపంచం కన్ను మన పసుపు మీద పడింది.

1995లో "పసుపుతో గాయం మానుతుంది" అని అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ పేరున పేటెంట్ ఇచ్చేశారు! మన అవ్వలకు తెలిసిన సంగతే కదా. మన సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు, పత్రికలు సాక్ష్యంగా పెట్టి పోరాడితే 1997లో అది రద్దయింది.

సరే, మరి మందు ఎందుకు కాలేదు? కర్‌క్యుమిన్ నీళ్లలో కరగదు. పేగుల నుంచి రక్తంలోకి చాలా తక్కువ పోతుంది, పోయింది కూడా తొందరగా విరిగిపోతుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు 2 గ్రాముల కర్‌క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల్లో ఉండే పదార్థం, కలిపి ఇచ్చారు. రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగింది.

ఇంకొందరు ఆ అణువునే మార్చారు. హైడ్రోజన్ చేర్చి టెట్రాహైడ్రోకర్‌క్యుమిన్ చేశారు. దానికి పసుపు రంగే ఉండదు, ముఖానికి పూసే క్రీముల్లో వాడతారు. అణువు మధ్యలో విరిగే భాగాన్ని తీసేసి, ఫ్లోరిన్ తగిలించి అమెరికా ఎమరీ యూనివర్సిటీ వాళ్లు ఈఎఫ్24 చేశారు. ల్యాబులో క్యాన్సర్ కణాల మీద పనిచేసింది గానీ, మందుల షాపు దాకా రాలేదు.

2017లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు మనుషుల మీద జరిగిన 120కి పైగా పరీక్షలను లెక్కలోకి తీసుకుని, కర్‌క్యుమిన్ మందుగా గట్టిగా రుజువు కాలేదని రాసేశారు.

అట్లని పసుపు విలువ తగ్గిపోలేదు. వంటకు, రంగుకు, సారం తీసే ఫ్యాక్టరీలకు గిరాకీ ఉంది. సారం తీసేవాళ్లకు కర్‌క్యుమిన్ శాతమే లెక్క. అందుకే కోజికోడ్ పరిశోధన సంస్థ 6 శాతం దాకా వచ్చే ప్రతిభ లాంటి రకాలు ఇచ్చింది.

కాబట్టి అన్నా, విత్తనం అమ్మేవాడిని మూడు అడగండి: ల్యాబు రిపోర్టు ఏది, ఎకరాకు ఎండు కొమ్ము ఎంత, కొనేవాడు ఎవరు? మందు మాట చెప్పి ఎక్కువ రేటు అడిగితే మాత్రం నమ్మొద్దు. ఇంట్లో రోగం ఉంటే డాక్టరు దగ్గరికే పోండి.