సంచకరువు

గరివిడి వైపు సంతలలో ఎడ్లబేరము కుదిరినంతనే కొనువాడు అరచేత నుంచిన రూపాయిని అమ్మువాడు రొంటిని దోపుకొనుటతో మాట కట్టువడెడిది. నేడు బయానా యనుచున్న ఆ రూపాయికే సంచకరువని పేరు, సంస్కృత సత్యంకారమునకు వికృతి. సత్యంకారముగా గైకొన్న ద్రవ్యమును రెట్టింపుగా నిప్పింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి శాసించుటచే, అమ్మువాడు మాట తప్పుటనే పెద్దదోషముగా నెంచిరని నాకు తోచును. కొనువాడు వెనుదీసినచో సంచకరువు పోయినట్లే, అది ఊరిన్యాయము.

1872 నాటి కాంట్రాక్టు చట్టపు 74వ సెక్షను మాత్రము మాట తప్పినందుకు సముచిత పరిహారమునే యనుమతించెను. 1963లో ఫతేచంద్ వ్యాజ్యమున, ఢిల్లీ బంగళాబేరము చెడగా అమ్మకందారు నిలుపుకొన్న 25,000 రూపాయలలో, బయానాయైన 1,000 తప్ప తక్కినది నష్టము రుజువు కానిదే దక్కదని సుప్రీంకోర్టు తీర్చెను. ఈ భేదము తేల్చుటకు ఎడ్లబేరమునకు పత్రమెక్కడిది? ఎంత బయానాయో, ఎంత ధరలో భాగమో చెప్పవలసినవాడు బేరము కుదిర్చిన మధ్యవర్తియే.