చూసొచ్చినవాళ్ల మాట: రాక్ కచేరీలు, వాటి వేదికలు

మన దేశంలో రాక్ సంగీతం కోసమని పెద్ద కచేరీ మందిరం కట్టించినవాళ్లు కనబడరు. హరికథకు పందిరి ఉంది, కర్ణాటక కచేరీకి సభ ఉంది, నాటకానికి కళాక్షేత్రం ఉంది. రాక్ మాత్రం దాదాపు అరవై ఏళ్లుగా పరాయి పంచనే పాడుతోంది: హోటల్ భోజనశాలలో, కాలేజీ మైదానంలో, రాజుగారి తోటలో, క్రికెట్ స్టేడియంలో. అందుకే కచేరీ చూసొచ్చినవాడు ముందుగా చోటు గురించే ఎత్తుకుంటాడు. ఎక్కడ నిలబడ్డాం, వెనక వరసకి గిటారు వినబడిందా, తాగడానికి నీళ్లు దొరికాయా, పోలీసులు ఎన్నింటికి ఆపించారు, తిరుగు బండి ఎలా పట్టుకున్నాం. పాటల సంగతి ఆ తర్వాతే. ఈ కబుర్లను వరసగా పేర్చుకుంటూ పోతే మన రాక్ చరిత్ర చాలామటుకు వాటిలోనే దొరుకుతుందని నా నమ్మకం.

భాలుబాసా నుంచి చూస్తే ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. సాక్చీకి దగ్గర్లో ఉన్న ఈ బస్తీ, చుట్టూ ఉన్న జంషెడ్‌పూర్, అంతా 1907లో ఏర్పడ్డ టాటా ఉక్కు కంపెనీ నీడన పెరిగినవే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ ఉన్నాయి. బిష్టుపూర్‌లో తెలుగువాళ్ల రామమందిరం ఉంది, ఉత్సవాలకు పాట ఉంది. పెద్ద రాక్ బృందాన్ని చూడాలంటే మాత్రం కలకత్తా వెళ్లాల్సిందే. రైల్లో సుమారు 250 కిలోమీటర్లు. స్టీల్ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే టాటానగర్‌లో బయల్దేరి సాయంత్రం హౌరా నుంచి తిరుగుముఖం పడుతుంది. ఆఫీసు పనికీ సరుకు కొనడానికీ వెళ్లేవాళ్లకు అంతకన్నా వీలైన బండి లేదు. కచేరీకి వెళ్లేవాడికి అది పనికిరాదు, ఆ బండి కదిలే వేళకే అక్కడ వేదిక మీద దీపాలు వెలుగుతాయి. అంటే రాత్రి అక్కడే ఉండాలి, సెలవు పెట్టాలి, లేదా షిఫ్టు మార్చుకోవాలి. ఇన్ని చేసుకుని వెళ్లగలిగేది ఒక్కడు. వాడు తిరిగొచ్చి చెబితే వినేది వాడకట్టంతా. ఇలాంటి ఊళ్లలో కచేరీ అంటే చాలామందికి చూసినది కాదు, విన్నది.

1960ల్లో కలకత్తా పార్క్ స్ట్రీట్ భోజనశాలల్లో రోజూ బృందాలు వాయించేవి. ట్రింకాస్‌లో 1969లో ఉషా ఉథుప్ పాడడం మొదలుపెట్టారు, పట్టుచీర కట్టుకుని ఇంగ్లీషు పాట. చూసొచ్చినవాళ్లు ఆ గొంతుతో పాటు ఆ చీర గురించి కూడా చెప్పుకున్నారు. ఆ రోజుల కబుర్లకు అచ్చు రూపం ఇచ్చింది స్టేట్స్‌మన్ పత్రికవాళ్లు 1967లో మొదలుపెట్టిన 'జూనియర్ స్టేట్స్‌మన్'. డెస్మండ్ డాయిగ్ సంపాదకుడు. కుర్రకారుకు అది 'జేయెస్'. బృందాల ఫొటోలు, కచేరీ విశేషాలు, పాఠకుల ఉత్తరాలు అందులో వచ్చేవి. 1977లో ఆగిపోయింది. పదేళ్లే బతికినా, కచేరీ చూడనివాడు కూడా దాని గురించి మాట్లాడగలిగే వీలు కల్పించిన మొదటి పత్రికల్లో దాన్ని లెక్కించాలి.

అదే కాలంలో సిగరెట్ కంపెనీ డబ్బుతో 'సిమ్లా బీట్' పోటీలు నడిచాయి. మద్రాసు, బెంగుళూరు, షిల్లాంగ్, కలకత్తా బృందాలు వాటిలో తలపడ్డాయి. 1970, 1971 పోటీల నుంచి రెండు ఎల్పీ రికార్డులు మిగిలాయి. బొంబాయిలో ఆ పోటీకి వేదికైన షణ్ముఖానంద హాలు కర్ణాటక సంగీతానికి పెట్టింది పేరు. కచేరీలు కూర్చుని, తల పంకిస్తూ వినే చోట కుర్రాళ్లు లేచి నిలబడి కేకలు వేశారంటే, పరాయి పంచ అన్నది ఎంత అక్షరాలా నిజమో తెలుస్తుంది.

బొంబాయిదే మరో ముచ్చట. 1972లో లెడ్ జెప్పెలిన్ బృందంలోని జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ కొలాబాలోని స్లిప్ డిస్క్ అనే చిన్న డిస్కోలో స్థానిక వాద్యకారులతో కలిసి వాయించారు. ముందు ప్రకటన లేదు, టిక్కెట్టు లేదు. ఆ రాత్రి ఇప్పటికీ బతికుందంటే అక్కడున్న కొద్దిమంది జీవితాంతం చెబుతూ వచ్చినందుకే. 2014లో సిద్ధార్థ్ భాటియా 'ఇండియా సైకెడెలిక్' అని ఆ తరం మీద పుస్తకం రాసినప్పుడు ఆయనకు ముడిసరుకు ఇలాంటి జ్ఞాపకాలే. షిల్లాంగ్‌లో గాయకుడు లూ మజా అదే 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజు కచేరీ చేస్తూ వచ్చారు. అది కూడా అంతే, ప్రచారం కన్నా వెళ్లొచ్చినవాళ్ల నోటి మాట మీదే పెరిగింది.

కలకత్తాలో 1975లో పుట్టిన మొహీనేర్ ఘోడాగులి అనే బృందం కథ ఇంకా గట్టి ఉదాహరణ. గౌతమ్ చటోపాధ్యాయ్, మిత్రులు బెంగాలీలో సొంత పాటలు కట్టి, రాక్‌నీ బావుల్ పాటనీ కలిపి వాయించారు. అప్పట్లో విన్నవాళ్లు తక్కువ, మెచ్చినవాళ్లు ఇంకా తక్కువ. 1980లు వచ్చేసరికి బృందం చెదిరిపోయింది. కానీ విన్న ఆ కొద్దిమంది మరిచిపోలేదు. 1995లో పాత పాటలు, కొత్త గొంతులు కలిపి మళ్లీ క్యాసెట్ వచ్చేసరికి దానికోసం ఒక తరం ఎదురుచూస్తూ ఉంది. ఆ ఇరవై ఏళ్లూ పాటను మోసింది వినికిడే.

ఇక రంగ్ భవన్. రాక్ అభిమానులు మన దేశంలో ఇంతగా ప్రేమించిన చోటు మరొకటి ఉందనుకోను. బొంబాయి ధోబీ తలావ్ దగ్గర, సెయింట్ జేవియర్స్ కాలేజీ పక్కన ఉన్న ఆరుబయలు రంగస్థలం. 1980 మార్చిలో బ్రిటిష్ బృందం ది పోలీస్ ఇక్కడ వాయించింది. ఏర్పాటు చేసింది టైమ్ అండ్ టాలెంట్స్ క్లబ్, దానధర్మాల కోసం కచేరీలు జరిపించే మహిళల సంఘం. 1986 నుంచి ఫర్హాద్ వాడియా 'ఇండిపెండెన్స్ రాక్' అని పంద్రాగస్టుకు ఇక్కడే బృందాలన్నిటినీ ఒకచోట చేర్చాడు. ఆగస్టు అంటే బొంబాయిలో వాన. తడుస్తూ విన్నామని చెప్పుకోవడంలో ఎంత గర్వమో! ఆ తర్వాత 2000లో శబ్ద కాలుష్య నియమాలు వచ్చాయి. రాత్రి పది దాటితే ఆరుబయట మైకు ఆపేయాలి, ఆస్పత్రులు, కాలేజీల చుట్టుపక్కల నిశ్శబ్ద మండలం. రంగ్ భవన్ చుట్టూ రెండూ ఉన్నాయి. రాక్ అక్కడినుంచి లేచిపోవాల్సి వచ్చింది. రోగికి నిద్ర కావాలన్నది న్యాయమే, దాన్ని కాదనలేం. కానీ పాత చోటు తీసేసినప్పుడు కొత్త చోటు చూపించలేదు, నా బాధంతా అదే.

అభిమానుల మాటకు పత్రిక మళ్లీ దొరికింది 1993లో, అదీ అలహాబాదులో. బొంబాయి కాదు, ఢిల్లీ కాదు. అమిత్ సైగల్, షేనా గామత్ 'రాక్ స్ట్రీట్ జర్నల్' మొదలుపెట్టారు. ఏ కాలేజీలో ఎవరు వాయించారు, సౌండ్ ఎలా ఉంది, ఎవరు గెలిచారు అన్న కబుర్లు అందులో నిండుగా ఉండేవి. 1997 నుంచి వాళ్లే 'గ్రేట్ ఇండియన్ రాక్' ఉత్సవం కూడా జరిపారు. సైగల్ 2012 జనవరిలో గోవాలో సముద్రంలో మునిగి చనిపోయినప్పుడు దేశంలోని ప్రతి బృందం ఆయన్ని తలుచుకుంది. అలహాబాదులోనే ఇది ఎందుకు పుట్టిందన్నదానికి నాకు తోచే జవాబు భాలుబాసా జవాబే: దూరంగా ఉన్నవాడికే కబురు విలువ తెలుస్తుంది.

కాలేజీ కచేరీల మాట వచ్చాక ఖరగ్‌పూర్‌ని వదలకూడదు. టాటానగర్ నుంచి హౌరా వెళ్లే దారిలోనే ఉంది, రైల్వే తెలుగు కుటుంబాలు అక్కడా పుష్కలం. అక్కడి ఐఐటీ 'స్ప్రింగ్ ఫెస్ట్'లో రాక్ బృందాల పోటీ జరుగుతుంది. ఇటు ఆదిత్యపూర్ ఎన్ఐటీలో 'కల్‌ఫెస్ట్' ఉంది. కలకత్తా దాకా పోలేని కుర్రాడికి మొదటిసారి డ్రమ్ము దెబ్బ గుండెకు తగిలేది ఇలాంటి ప్రాంగణాల్లోనే. ఇదే జంషెడ్‌పూర్‌లో పుట్టిన ఇంతియాజ్ అలీ 2011లో 'రాక్‌స్టార్' సినిమా తీశాడన్నది ఈ ఊరివాళ్లు ఇష్టంగా చెప్పుకునే మాట.

2007 మార్చి 17న బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ వాయించింది. దేశం నలుమూలల నుంచి నల్ల టీషర్టులు వేసుకున్న కుర్రాళ్లు రైళ్లెక్కి వెళ్లారు. ముందు వాయించిన బృందాల్లో ఢిల్లీ పరిక్రమ ఒకటి. ఆ తర్వాత పెద్ద విదేశీ బృందాల రాక పెరిగింది, దాంతోపాటు అభిమానుల మాటలో కోపమూ పెరిగింది. 2011 అక్టోబరులో గుర్‌గావ్‌లో మెటాలికా కచేరీ చివరి నిమిషంలో రద్దయినప్పుడు జనం వేదిక ఎక్కి విరగ్గొట్టారు. రెండు రోజుల తర్వాత బెంగుళూరులో అదే బృందం వాయించింది. ఒకే వారంలో రెండు ఊళ్ల నుంచి పూర్తిగా వేరువేరు కథలు వచ్చాయి.

2022 మే 31న కోల్‌కతా నజ్రుల్ మంచలో కాలేజీ కార్యక్రమంలో పాడి హోటల్‌కు వెళ్లిన కేకే గుండె ఆగి చనిపోయారు. తెలుగువాళ్లకూ ఎన్నో సినిమా పాటలిచ్చిన గొంతు అది. ఆయన రాక్ గాయకుడు కాదనేవాళ్లు ఉండొచ్చు, ఇక్కడ నా ప్రశ్న అది కాదు. ఆ రాత్రి జనం ఫోన్లలో తీసుకున్న దృశ్యాలు, హాల్లో ఎంత కిక్కిరిసి ఉన్నారో, ఎంత ఉక్కపోసిందో చెప్పిన మాటలు, మూసిన హాలులో ఎంతమందిని రానివ్వాలన్న ప్రశ్నను బయటికి తెచ్చాయి. నీళ్లు దొరికాయా, గాలి ఆడిందా అని అభిమానులు అరవై ఏళ్లుగా చెప్పుకుంటున్న కబుర్లను అల్పంగా చూసినవాళ్లు అప్పుడు వినాల్సి వచ్చింది.

2025 జనవరిలో కోల్డ్‌ప్లే అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో రెండు రాత్రులు వాయించింది, ఒక్కో రాత్రి లక్ష దాటిన జనం. 26వ తేదీ కచేరీ ప్రత్యక్ష ప్రసారమైంది. భాలుబాసాలో మంచం మీద కూర్చుని చూసినవాడికి పాటలన్నీ తెలుసు, వరస తెలుసు, వేదిక వెలుగులూ తెలుసు. అయినా వెళ్లొచ్చినవాడు కనబడితే అడిగేది పాత ప్రశ్నే: వెనక నుంచి ఎలా వినబడింది?

ఈ మధ్య నేను వినే కబుర్లలో బెంగుళూరు బృందం ఆగం పేరు తరచు వస్తోంది. హరీశ్ శివరామకృష్ణన్ గొంతు, చుట్టూ ఎలక్ట్రిక్ గిటార్లు, మధ్యలో త్యాగరాజు కృతి 'మనవ్యాలకించరాదటే'. ఇతర భాషలవాళ్లు ఆ కచేరీ గురించి చెబితే గిటారు గురించి, డ్రమ్ముల గురించి చెబుతారు. మనవాళ్లు సాహిత్యం ఎంత స్పష్టంగా పలికిందో చెబుతారు, గమకాలు ఆ హోరులో నిలిచాయా అని వాదించుకుంటారు. సభలో కూర్చుని నేర్చిన చెవి మైదానంలో నిలబడి వింటోంది. రాక్ కచేరీ గురించి తెలుగులో చెప్పుకోవాల్సిన అసలు కబుర్లు ఇక్కడ మొదలవుతున్నాయి.