ఒక్క అక్షరం దగ్గర ఆగిన సినిమా

ఆఫ్రికా పడమటి తీరంలోని సెనెగల్ దేశం 1960లో ఫ్రాన్స్ పాలన నుంచి బయటపడింది. జెండా మారింది గానీ ఫ్రెంచ్ భాష కదల్లేదు. బడి, కోర్టు, ఆఫీసు అన్నీ అందులోనే నడిచాయి. జనం ఇళ్లలో మాట్లాడేది వోలోఫ్, సెరేర్, పులార్, జోలా వంటి భాషలు. ఇన్ని జాతులను కలిపి ఉంచేది ఫ్రెంచే అని కొందరి వాదన. సంతలో వాళ్లను కలిపింది మాత్రం వోలోఫ్.

ఫ్రెంచ్ వాళ్ల కాలంలో చాలా బడుల్లో ఒక పద్ధతి ఉండేది. ఇంటి భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్కో మరొకటో కట్టేవారు. అది వదలాలంటే, ఇంటి మాట మాట్లాడే మరో పిల్లవాడిని వాడే పట్టివ్వాలి. చివరికి ఎవరి మెడలో మిగిలితే వాడికి శిక్ష. పిల్లలకు పిల్లలే కాపలా! మొదటిరోజు తెలుగు బడిలో నోరు విప్పని కోయ, గోండు పిల్లలను చూసిన మనకు ఆ బరువు ఎలాంటిదో తెలుసు.

సెంబేన్ ఉస్మాన్ అనే రచయిత ముందు ఫ్రెంచ్‌లోనే నవలలు రాశాడు. తన జనం వాటిని చదవలేరని సినిమాల్లోకి వచ్చాడు. 1968లో వోలోఫ్ మాటలతో 'మండబి' తీశాడు. మండబి అంటే మనియార్డరు. పారిస్‌లో ఉన్న మేనల్లుడు పంపిన డబ్బు తీసుకోవడానికి చదువురాని ఇబ్రహీమా దియెంగ్ పోస్టాఫీసుకు వెళ్తాడు. గుర్తింపు కార్డు తెమ్మంటారు. కార్డుకు పుట్టిన పత్రం కావాలి. పత్రానికి పుట్టిన తేదీ కావాలి, అది ఆయనకు తెలియదు. చివరికి ఫ్రెంచ్ చదివిన బంధువొకడు సంతకం పెట్టించుకుని ఆ డబ్బు కాజేస్తాడు. మన దగ్గర కాగితాల కోసం తిరిగిన ముసలివాళ్లకు ఈ కథ చెప్పి చూడండి.

సెంబేన్ అక్కడితో ఆగలేదు. 1970ల మొదట్లో మిత్రులతో కలిసి 'కద్దు' అనే వోలోఫ్ పత్రిక నడిపాడు. 1977లో 'చెద్దో' సినిమా తీశాడు. దాన్ని సెనెగల్‌లో ఆడనివ్వలేదు. ప్రభుత్వం చెప్పిన కారణం, పేరులో 'ద' ఒక్కటే రాయాలి, రెండు రాశాడని! సెంబేన్ అక్షరం తీయనన్నాడు. సినిమా ఆగిపోయింది. అందులోని మతం గొడవే అసలు కారణమని చాలామంది అన్నారు. అప్పటి అధ్యక్షుడు సెంఘోర్ సెరేర్ బిడ్డ, ఫ్రెంచ్‌లో గొప్ప కవి. తర్వాత 1983లో ఫ్రెంచ్ అకాడమీకి ఎన్నికయ్యాడు. అలాంటివాడి ప్రభుత్వమే వోలోఫ్‌ను ఎలా రాయాలో చట్టం చేసింది. సవరకు, గోండికి ఏ లిపి అని వాదించుకునే మనం ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి. రాత ఎలా ఉండాలన్నది ఒక ప్రశ్న, దాన్ని తేల్చేది ఎవరన్నది ఇంకో ప్రశ్న.

పక్కనున్న మాలి దేశం 2023లో కొత్త రాజ్యాంగం తెచ్చుకుంది. సొంత భాషలను అధికార భాషలు చేసి, ఫ్రెంచ్‌ను ఆఫీసు పనికి వాడే భాషగా ఉంచింది.