చెన్నపురి సర్వే పాఠశాలయు, మన యింజనీర్ల తొలిచదువును

ఇంజనీరింగు కళాశాలలో జేరిన బాలురు తొలియేట నేర్పెడు కొలతలను, పటలేఖనమును జూచి "ఇందుకా మేమింత శ్రమపడి వచ్చితిమి?" అని విసుగుకొనుట కలదు. దక్షిణదేశమున నీ విద్య యంతయు నా కొలతలనుండియే పుట్టినదని వారెరుగరు.

క్రీ.శ. 1792లో శ్రీరంగపట్టణపు సంధిచే టిప్పుసుల్తాను రాజ్యములో కొంతభాగము కుంఫిణీవారి వశమయ్యెను. దేశము చేజిక్కెను గాని దాని కొలత తెలియదు; కొలత తెలియనిచో శిస్తు తెలియదు. కొలుచువారిని సీమనుండి రప్పించుట వ్యయసాధ్యము. కావున మైకేల్ టాపింగు అను దొర పూనికచే 1794లో చెన్నపట్టణమున నొక సర్వే పాఠశాల వెలసినది. అందు మొదట జేరినవారు 8 మంది బాలురు; అనాథ శరణాలయమునుండి తేబడినవారు. నేడు లక్షలు వ్యయించి కోరుకొను చదువు నాడు దిక్కులేని బిడ్డలకు బ్రతుకుదెరువుగా నేర్పబడినదనుట గమనింపదగినది. టాపింగు మన తీరమును గొలిచినవాడు. పాఠశాల నెలకొల్పిన రెండేండ్లకే, 1796లో, మచిలీబందరున మృతినొందెను.

కొలతయనగా తేలికపని యని తలపరాదు. గుంటరు గొలుసు 66 అడుగుల పొడవు. అందు 100 లంకెలు. పది చదరపు గొలుసులు ఒక యెకరము. పొడవును వెడల్పును లంకెలలో గుణించి, కుడివైపున అయిదు స్థానములు విడిచినచో ఎకరములు తేలును. భాగహారముతో బనియే లేదు. ఎంత యుక్తి! కాని వాడుకలో గొలుసు ఒక లంకె మేర సాగెనా, వైశాల్యమున నూటికి రెండుపాళ్లు తగ్గి కనబడును. లంకెలు వంగి కుఱుచయయ్యెనా, అంతమేర హెచ్చును. సాగిన గొలుసు సర్కారునకు నష్టము. కుఱుచ గొలుసు రైతునకు నష్టము. కావుననే గొలుసును ముందుగా సరిచూచుకొనుట విద్యార్థికి తొలిపాఠమైనది.

ఆ పాఠశాల 1858లో సివిల్ ఇంజనీరింగు పాఠశాలగా మారి, మరుసటియేడు కళాశాల యయ్యెను. 1894లో మెకానికల్ శాఖ చేరినది. 1920లో గిండీకి తరలినది. 1930లో విద్యుచ్ఛాఖ యేర్పడినది. ఈలోపల 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టిన కాటన్ దొరకు మన వీణెం వీరన్నగారు కుడిభుజమై యుండిరి. కళాశాల పట్టములు పుట్టకమున్నే తెలుగువారి చేతులీ పనిలో దిగినవన్నమాట.

ఇక స్త్రీల మాట. పసిబిడ్డ తల్లియై, చిన్ననాటనే వైధవ్యము పొందిన అయ్యలసోమయాజుల లలితగారు గిండీలో విద్యుచ్ఛాఖ జదివి 1943లో పట్టమందిరి. వారి తండ్రి పప్పు సుబ్బారావుగా రక్కడనే ఆచార్యులు. పట్టపత్రమున పురుషవాచకమే అచ్చొత్తబడి యుండుటచే, దానిని కొట్టివేసి స్త్రీవాచకము చేతితో వ్రాయవలసి వచ్చెను. అచ్చుయంత్రమున కంతవఱకట్టి యవసరమే కలుగలేదు గదా! వారితో జేరిన లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అను నిరువురు సివిల్ శాఖలో 1944లో ఉత్తీర్ణలైరి.

నైజాము రాష్ట్రమున ఉస్మానియాలో 1929లోనే ఇంజనీరింగు కళాశాల వెలసెను గాని, చెన్నరాష్ట్రపు తెలుగు బాలురకు మాత్రము గిండీయే గతియై యుండెను. 1946లో విశాఖపట్టణమున నొకటి స్థాపింపబడి, పిమ్మట కాకినాడకు మార్చబడినది. అనంతపురపు కళాశాలయు ఆ యేటిదే. కాని దాని తొలి విద్యార్థులు గిండీ యావరణముననే పాఠములు వినిరి. ఆ కళాశాల 1948లో గాని స్వస్థలము చేరలేదు.