దిగుమతి వస్తువులు – మరమ్మతు విద్య

స్వాతంత్ర్యము వచ్చిన పిదప నాలుగు దశాబ్దములకు పైగా భారతదేశమున విదేశీ వస్తువు దుర్లభముగనే ఉండెను. 1947లో చేసిన ఎగుమతి దిగుమతుల నియంత్రణ చట్టము క్రింద సరకు తెప్పించుటకు ప్రభుత్వపు లైసెన్సు కావలెను. 1957లో విదేశమారక ద్రవ్యమునకు తీవ్రమైన కొరత ఏర్పడగా ఆంక్షలు మరింత బిగిసినవి. యంత్రములకును ముడిపదార్థములకును ముందు చోటు దొరకెను. గృహస్థు వాడుకొను సామగ్రి వెనుకబడెను. అందుచేత తాత కొన్న స్విట్జర్లాండు గడియారమును మనుమడు సైతము బాగుచేయించి వాడుకొనెడివాడు.

ఈ కొరత ఒక విద్యను పోషించినది. గడియారముల మరమ్మతు అందుకు మంచి ఉదాహరణము. గడియారము వలెనే దాని విడిభాగమును దిగుమతి వస్తువే. అది దొరకనప్పుడు పనివాడు పాడైన వేరొక గడియారము నుండి చక్రమును తీసి అమర్చెడివాడు. విరిగిన ఇరుసును చిన్న లేతు యంత్రముపై తానే తయారుచేసికొనెడివాడు. 1961లో బెంగుళూరున హిందూస్థాన్ మెషిన్ టూల్సు సంస్థ జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో చేతి గడియారముల తయారీకి పూనుకొనెను. ఆ పిదపను పరదేశపు గడియారములకు ఈ పనితనమే దిక్కు. ఐనను ఆ కాలమును స్వర్ణయుగమనుట పొరపాటు. విడిభాగము దొరకువరకు సొంతదారు వేచియుండవలసినదే. దొంగరవాణా సరకునాశ్రయించుటయు కలదు.

1991 జూలైలో ఆరంభమైన ఆర్థిక సంస్కరణలు యంత్రములకు, ముడిసరకునకు ద్వారములు తెరచినవి. వాడుక వస్తువులలో అధికభాగముపై ఆంక్షలు మాత్రము మరికొన్ని ఏండ్లు నిలిచినవి. అమెరికా ఫిర్యాదుపై ప్రపంచ వాణిజ్య సంస్థ 1999లో భారతదేశమునకు ప్రతికూలముగ తీర్పు చెప్పగా, 2000 ఏప్రిల్ 1న 714, మరుసటి ఏడు అదే దినమున 715 రకముల సరకులపై పరిమాణ ఆంక్షలు తొలగినవి.

దీని ఫలితము మరమ్మతుదారునకు రెండు విధములైనది. ఒకవంక విడిభాగములు సులభముగ లభించెను. మరియొకవంక క్రొత్త వస్తువు వెల తగ్గుటచే పాతదానిపై వెచ్చించు శ్రమకు విలువ తరిగెను. గడియారమును విప్పి, శుభ్రపరచి, నూనెవేసి తిరిగి కూర్చినందుకు అడుగు కూలి, చవుక క్వార్ట్జ్ గడియారపు వెలతో పోటీపడవలసి వచ్చెను. ఆ క్వార్ట్జ్ గడియారము చెడినచో లోని యంత్రమునంతటిని మార్చుటయే తేలిక. అయితే ఈ మార్పునకు దిగుమతి ఒక్కటే కారణము కాదు. సాంకేతికతయు, దేశీయ సంస్థల పోటీయు తోడైనవి. తుదకు 2016 జనవరిలో హెచ్.ఎమ్.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము ఆమోదము తెలిపెను.

ఐనను మరమ్మతు విద్య అంతరింపలేదు, వస్తువు మారినది. ఢిల్లీ నెహ్రూ ప్లేసులోను, హైదరాబాదు జగదీశ్ మార్కెట్టులోను సెల్ ఫోనులు బాగుచేయువారు ఆ విద్యకు వారసులు. వారికెదురైన అడ్డంకి వేరు. పలువురు తయారీదారులు భాగములను జిగురుతో అతికింతురు. అసలు విడిభాగములను, మరమ్మతు వివరములను తమ సేవాకేంద్రములకే పరిమితము చేయుదురు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కుపై ఒక సంఘమును నియమించుటకు ఈ చిక్కే కారణము. పూర్వము విడిభాగమును రేవులో ఆపినది ప్రభుత్వము. ఇప్పుడు తన గిడ్డంగిలో ఆపుచున్నవాడు తయారీదారు. సరకునకు దారి తెరచినంత మాత్రమున దానిని బాగుచేయు చేతులకు దారి తెరచినట్లు కాదు.