కొండలోని మంచు – తీగలేని వార్త



స్విట్జర్లాండు దేశమున, ఇటలీ సరిహద్దు మీద, మాటర్‌హార్న్ అను శిఖరము కలదు. దాని ఎత్తు 4478 మీటర్లు. నాలుగు మొగముల రాతిశూలమువలె అది ఒంటిగా నిలిచియుండును. 1865వ సంవత్సరము జులై 14వ తేదీన ఎడ్వర్డ్ వింపర్ అను ఆంగ్లేయుడును, ఆరుగురు తోడివారును మొట్టమొదట దాని కొనను ముట్టిరి. దిగునపుడు ఒకనికి కాలు జారగా, త్రాడు తెగి, నలుగురు మరణించిరి. నాటినుండి ఆ కొండను గూర్చి చెప్పుకొను కథలు చాలవరకు ఎక్కినవారి కథలే. నేను చెప్పబోవునది వారి కథ కాదు. ఆ కొండ దేనిచేత నిలిచియున్నదో తెలిసికొన బూనినవారి కథ.

2003వ సంవత్సరపు వేసవియందు ఐరోపా అంతయు మండిపోయెను. ఆ జులై 15న, వింపర్ ఎక్కిన హోర్న్లి గట్టు మీదనే, సుమారు 1500 ఘనపు మీటర్ల రాయి విడివడి లోయలోనికి పడెను. లారీకి పది ఘనపు మీటర్ల చొప్పున లెక్కించినచో నూట ఏబది లారీల రాయి. పైన చిక్కుకొన్నవారిని హెలికాప్టర్లలో దింపవలసి వచ్చెను. రాళ్లు పడుట కొండలకు క్రొత్త కాదు. కాని ఈసారి రాయి ఊడిన చోట మంచు మెరయుచు కనబడెను. అది పైన కురిసిన మంచు కాదు. రాతి పగుళ్లలో బహుకాలముగా దాగియున్న మంచు. గోడరాళ్ల నడుమ సున్నమువలె అది ఇంతకాలము రాతిని రాతికి అంటించి పట్టియుండెను.

ఇట్టి మంచును మనుష్యులు గుర్తించిన విధము వినదగినది. సైబీరియాలోని యాకుట్‌స్క్ పట్టణమున షెర్గిన్ అను వర్తకసంఘపు ఉద్యోగి 1828లో నీటికై బావి త్రవ్వింప మొదలిడెను. మన పల్లెలలో నూరడుగులు త్రవ్వి జల పడకున్న ఆ చోటు విడిచిపెట్టుదుము. అతడు విడువలేదు. 1837 నాటికి బావి 116 మీటర్లు, అనగా మన లెక్కకు 380 అడుగులు దిగినది. నీటిచుక్క పడలేదు, అడుగునంటను గడ్డకట్టిన మన్నే. 1840వ దశకమున మిడెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుడు వచ్చి, ఆ బావిలో అంచెలంచెలుగా ఉష్ణమాపకములు దింపి చూడగా, అడుగున కూడ వేడిమి సున్నకు దిగువనే యుండెను. నీళ్లియ్యని బావి శాస్త్రమునకు మేలు చేసినది. వరుసగా రెండేండ్లకు తక్కువ గాక సున్న డిగ్రీలకు మించక యుండు నేలకు 1943లో మ్యూలర్ అను అమెరికా భూశాస్త్రవేత్త పెర్మాఫ్రాస్టు అను పేరు పెట్టెను. మనము నిత్యహిమభూమి యనుకొందము.

సైబీరియాలో నిత్యహిమభూమి సమతలమున నున్నది గనుక దానిలో బావి త్రవ్వవచ్చును. ఆల్ప్సు పర్వతములలో అట్లు కాదు. స్విస్ శాస్త్రజ్ఞులు 1987లో ఎంగడీన్ ప్రాంతమునందలి కోర్వాచ్ కొండవద్ద 58 మీటర్లు తొలిచి ఉష్ణమాపకములు నిలిపిరి. 2000వ సంవత్సరమున దేశమంతటికిని ఇట్టి పరిశీలనకు ఒక ఏర్పాటు జరిగెను. అయినను నిట్టనిలువు రాతిలో మంచు ఏమి చేయుచున్నదో ఎవరికిని సరిగా తెలియదు. ప్రయోగశాలలో మాత్రము ఒక సంగతి తేలియుండెను: మంచుతో అతికిన రాయి, మంచు కరుగువరకు ఆగి జారదు. సున్నకు ఒకటి రెండు డిగ్రీల దిగువ నుండగనే ఆ మంచు పట్టు సడలును. కంటికి గట్టిగానే కనబడును, బలము మాత్రముండదు. కనుక అపాయమును కంటితో చూచి చెప్పుట సాధ్యము కాదు, కొలిచి చెప్పవలసినదే.

కొలుచుట ఎట్లు? రాయి పడిన ఆ చోటు 3500 మీటర్ల ఎత్తున నున్నది. మనిషి అచ్చట ఏడాది పొడుగున కూర్చుండలేడు. తీగలు వేసినచో పడు రాళ్లు తెంపును. పిడుగులు ఆ తీగలవెంటనే వచ్చి యంత్రములను కాల్చును. భూశాస్త్రవేత్తకు ఏమి కొలువవలెనో తెలియును గాని అట్టిచోట నిలుచు యంత్రమును చేయలేడు. యంత్రము చేయువానికి కొండ తెలియదు. 2006లో జూరిక్ విశ్వవిద్యాలయపు భూశాస్త్రజ్ఞులును, జూరిక్ సాంకేతిక విద్యాపీఠము, బాసెల్ విశ్వవిద్యాలయములలోని కంప్యూటరు శాస్త్రజ్ఞులును ఒక పనికై చేతులు కలిపిరి. దానికి పెర్మాసెన్స్ అని పేరు. మొదట యుంగ్‌ఫ్రావ్‌యోహ్ అను కనుమవద్ద యంత్రములు పెట్టి చూచిరి. పనితీరు తృప్తికరముగా లేకుండెను. మరల చేసి, 2008 నుండి మాటర్‌హార్న్ గట్టు మీద కొలతలు తీయనారంభించిరి.

ఈ యంత్రములను సెన్సర్లు అందురు. మీరు ఈ ప్రసంగమును తీగలేక విన్నట్లే, వాని వార్తయు తీగలేక పోవును. రాతిలో తొలిచిన రంధ్రమున వేడిమి కొలుచునది ఒకటి. పగులుకు అడ్డముగా బిగించి, ఆ పగులు వెంట్రుకవాసి విచ్చినను చెప్పునది మరియొకటి. ప్రతిదానికి పిడికిట పట్టునంతటి బ్యాటరీ. అంత చిన్న బ్యాటరీతో ఏండ్లు గడువవలెను గనుక, సెన్సరు తన కాలమంతయు నిద్రలోనే గడపును. రెండు నిమిషములకొకసారి మేల్కొని, కొలిచి, తన ప్రక్కదానికి వార్త నందించి, మరల నిద్రించును. అట్లు చేతినుండి చేతికి వార్త నడచి, సూర్యరశ్మితో పనిచేయు కేంద్రయంత్రమును చేరి, అచ్చటనుండి లోయకు దిగును. మంచు కప్పి దారి మూసినపుడు ప్రతి సెన్సరు తన కొలతలను తనయందే దాచుకొని, దారి తెరచిన పిదప పంపును. గడియారముల విషయమున వారి ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది. చలికి గడియారములు ఒకదానితో నొకటి కలియక తప్పిపోవును గనుక వారు వానిని నమ్ముకొనలేదు. ప్రతి వార్తయు తాను పుట్టి ఎంతసేపైనదో తనతోనే చెప్పుకొనుచు వచ్చును. చేరిన వేళనుండి ఆ వయస్సు తీసివేసిన పుట్టిన వేళ తెలియును.

2018 వరకు పది సంవత్సరములలో ఆ గట్టునుండి పదకొండు కోట్లకు మించిన కొలతలు వచ్చినవి. వానివలన తెలిసినదేమి? చలికాలమున పగుళ్లు విచ్చినవి. విన్నవారికి ఇది విపరీతముగా తోచవచ్చును. బండిచక్రమునకు ఇనుపకట్టును ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోయుట మీరెరిగినదే. చల్లారిన ఇనుము కుదించుకొని చక్రమును బిగియించును. రాయియు అంతే. చలికి పగులుకు ఇరుప్రక్కల రాయి తనలోనికి ముడుచుకొనును. నడుమ సందు పెరుగును. వేడికి మరల మూసికొనును. ఇది కొండకు ఊపిరివంటిది, భయపడదగినది కాదు. భయపడదగినది ఈ ఊపిరిని లెక్కించి తీసివేసిన పిదప మిగులు కదలిక: వేసవియందు, మంచు కరిగి నీరు పగుళ్లలో దిగునపుడు, కొన్నిచోట్ల రాయి కొంచెము జరిగి మరల వెనుకకు రాకుండుట. ఒక సంవత్సరపు కొలతతో ఈ రెంటిని వేరుచేయలేము. పదేండ్ల లెక్క ఉండబట్టియే సాధ్యమైనది. అన్నట్లు, 2022లో ప్రకటించిన మరియొక పరిశీలనలో, మాటర్‌హార్న్ అంతయు రెండు క్షణములకు కొంచెము మించిన కాలమున కొకసారి ఇటునటు ఊగుచున్నదని తేలినది. ఆ ఊపు ఎంత సూక్ష్మమనగా దానిపై నిలిచినవాడు సయితము ఎరుగడు.

కొలతలవలన ప్రాణములు నిలుచునా యని మీరడుగవచ్చును. నిలిచినవి, అన్నిచోట్ల కాదు. 2017 ఆగస్టు 23న స్విట్జర్లాండులోనే పిజ్ చెంగాలో కొండనుండి సుమారు 30 లక్షల ఘనపు మీటర్ల రాయి పడెను. బురదవరద బోండో గ్రామమును ముంచెను. పూర్వమే అమర్చిన హెచ్చరిక యంత్రము మ్రోగుటచే ఊరివారు బ్రతికిరి. పై లోయలో నడచుచున్న ఎనిమిదిమంది బ్రతుకలేదు. 2025 మే నెలలో బ్లాటెన్ గ్రామము పైనున్న కొండ కదలుచున్నదని అధికారులు కనిపెట్టి, సుమారు 300 మందిని, వారి పశువులను ఊరు దాటించిరి. నడువలేని ఒక ఆవును హెలికాప్టరులో తీసికొనిపోయిరి. మే 28న కొండరాయి, దానిక్రింది హిమనదము కలిసి విరిగిపడి ఊరిని దాదాపు పూర్తిగా కప్పివేసెను. చనిపోయినది ఒక్కరు. ఇట్టి కూలుడులకు మంచు కరుగుట ఒక్కటే కారణమని శాస్త్రజ్ఞులు చెప్పరు. రాతి స్వభావము, పగుళ్ల వాలు, నీరు అన్నియు కలిసి పనిచేయును.

మన హిమాలయములలో జరిగినదియు చెప్పవలెను. 2021 ఫిబ్రవరి 7న, ఉత్తరాఖండమునందలి చమోలీ జిల్లాలో, రోంటి శిఖరపు ప్రక్కనుండి రాయియు మంచును కలిసి సుమారు 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్లు విరిగిపడెను. ఋషిగంగ, ధౌళిగంగ నదుల వెంట పోయిన ఆ ప్రవాహమున రెండు జలవిద్యుత్ కేంద్రములు ధ్వంసమై, రెండు వందలకు మించినవారు చనిపోయిరి, లేదా కానరాకపోయిరి. వారిలో పెక్కురు పనికి వచ్చిన కూలీలు, సొరంగములలో నున్నవారు. ముందుగా హెచ్చరించు ఏర్పాటు ఆ లోయలో లేకుండెను. తరువాత శాస్త్రజ్ఞులు ఉపగ్రహములు తీసిన పాత చిత్రములను వరుసగా పెట్టి చూడగా, ఆ శిఖరము మీద పగులు కొన్ని ఏండ్లు ముందునుండియే విచ్చుచున్నట్లు వానిలో స్పష్టముగా కనబడెను.